సేతుతీరము – మన యాత్రాపుస్తకములు

మన యిండ్లలో రామేశ్వరయాత్రా పుస్తకము ఒకటియైనను లేని గూడు అరుదు. ఆలయవీధిలో కొన్నది యొకటి, బంధువులెవరో షష్టిపూర్తినాడు పంచిపెట్టినది మఱొకటి, అట్ట ఊడి పసుపుమరకలు పడి దేవుని పటముల వెనుక చేరినది ఇంకొకటి. ఈ సంచికకు సేతుతీరమును గూర్చి వ్రాయుదమని తలపెట్టినపుడు అట్టి పుస్తకములను ఆరింటిని ఇరుగుపొరుగులనుండి తెచ్చుకొని మొదటినుండి తుదివరకు చదివితిమి. అన్నియు తెలుగు పుస్తకములే. చదివిన పిదప కలిగిన అభిప్రాయమును దాచుకొనక చెప్పుచున్నాము: వీనిలో రామేశ్వరము కలదు, దీవి లేదు.

కోవెలను గూర్చి వారు వ్రాసినది తక్కువ కాదు. 22 తీర్థముల పేర్లు, వాని వరుస, ఒక్కొక్కదానిలో స్నానమాడిన కలుగు ఫలము, వెలుపలి ప్రాకారమునందలి 1212 స్తంభములు, 18వ శతాబ్దమున ముత్తురామలింగ సేతుపతి దానిని పూర్తిచేయించుట, ఇవన్నియు ఆరింటను ఇంచుమించు ఒకే మాటలలో ఉన్నవి. ఒకరిని చూచి ఒకరు వ్రాసికొన్నారని తెలియుచునే యున్నది. ఒక పుస్తకమున దొర్లిన అచ్చుతప్పు మఱి రెండింట అట్లే నిలిచినది. దానికి మేము నొచ్చుకొనలేదు. కోవెల ఎక్కడికి పోవును, స్తంభములు మాఱునా? మమ్ము నొప్పించినది వేఱు. తూర్పుగోపురము దాటి అగ్నితీర్థము చేరుటతోడనే ఈ రచయితలకు కన్ను మూతపడును. అటుపై సముద్రస్నానము చేయవలెనని యొక వాక్యము, ధనుష్కోటికి బండ్లు దొరకునని యొక వాక్యము. దీవి అంతటితో ముగిసినది.

ఈ మాట అన్నందుకు భక్తులు కోపగింపరని నమ్ముదుము. ఆ బావుల నీటిని చేదతో నెత్తిన పోయించుకొని, తడిబట్టలతో ఒక బావినుండి మఱొక బావికి పరుగులెత్తినవారిలో మేమును ఉన్నాము. మా ప్రశ్న యొక్కటే: మొక్కుట, చూచుట ఒకదానికొకటి అడ్డమా? అడ్డము కాదనుటకు మన పాత వాఙ్మయమే సాక్ష్యము. దానికి ముందు, ఈ ప్రశ్న మాకు ఎట్లు తట్టినదో చెప్పవలెను.

మొన్నటి వేసవి సెలవులలో మా బంధువర్గము నాలుగు కుటుంబములవారము అరుప్పుకోట్టై నుండి వేకువకు ముందే వానులో బయలుదేరితిమి. తిరుచ్చుళి వచ్చుసరికి తెల్లవాఱినది. రమణమహర్షి పుట్టిన ఊరని పెద్దలు చేతులు జోడించిరి, పిల్లలు నిద్రలోనే యుండిరి. పరమకుడి దాటువఱకు మన కరిసల్ నేల పోలికయే. నల్లరేగడి, సీమకరువేలపు పొదలు, ఎండిన చెఱువులు. రామనాథపురము దాటిన తరువాత నేల తెల్లబడును, తాటిచెట్లు దట్టమగును, గాలిలో ఉప్పు తగులును. మండపము దాటి వంతెన ఎక్కినపుడు పిల్లలందఱు ఒక్కసారిగా మేలుకొనిరి. 1988లో తెఱచిన ఆ రోడ్డువంతెన మీదనుండి 1914నాటి పాత రైలువంతెనయు, దాని ప్రక్కనే 2025 ఏప్రిలులో తెఱచిన క్రొత్త రైలువంతెనయు కనబడెను. పాతదాని నడుమభాగము ఓడలు వచ్చినపుడు రెండు రెక్కలుగా విచ్చుకొనెడిది; క్రొత్తదాని నడుమభాగము నిలువునా పైకి లేచును. మూడు వంతెనలను ఒక్క చూపులో చూడగలిగిన ఆ స్థలమును గూర్చి మా ఆఱు పుస్తకములలో ఒక్క మాటయు లేదు.

అప్పటికి చేపలవేట నిషేధకాలము నడచుచుండెను. తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వఱకు మరపడవలు కడలికి పోరాదు. అందుచే రేవులో పడవలన్నియు వరుసలుగా కట్టుబడి, రంగులు వేయించుకొనుచు, ఎండ కాగుచుండెను. చిన్న వల్లములు మాత్రము దూరమున ఒకటి రెండు కదలుచుండెను. అంత నెమ్మదియైన ఒడ్డును మేము పూర్వమెన్నడును చూచి యుండలేదు. రామేశ్వరమునుండి సుమారు 20 కిలోమీటర్లు తెన్నుతూర్పుగా పోయిన, కోదండరామస్వామి కోవెలకు పోవు దారి యొకప్రక్కన వదలిన తరువాత, రెండు ప్రక్కల నీరే. నడుమ రోడ్డొక గీత. 2017లో ఆ రోడ్డు తెఱవబడువఱకు ఇసుకలో దిగబడుచు పోవలసియుండెను. రోడ్డు ఆగిపోవు చోటునకు అరిచల్మునై అని పేరు. అక్కడ నేల సన్నగిలి, ఇసుకనాలుకయై, నీటిలో కలిసిపోవును. ఎదుట సుమారు 30 కిలోమీటర్ల దూరమున సింహళద్వీపమందలి తలైమన్నారు.

అక్కడ మాతో వచ్చిన పదియేండ్ల మనుమడు అడిగినాడు: "తాతా, ఒకే సముద్రం కదా? ఇటుపక్క ఎందుకు నిద్రపోతావుంది, అటుపక్క ఎందుకు కొట్లాడతావుంది?"

నిజమే. ఎడమప్రక్క నీరు పళ్లెములో పోసినట్లు కదలక నిలిచియున్నది. కుడిప్రక్క అల మీద అల వచ్చి ఒడ్డును కొట్టుచున్నది. రెంటికి నడుమ దూరము మన వీధి వెడల్పు కన్న ఎక్కువ లేదు. చేతిలోని పుస్తకమును తెఱచితిమి. ఇచట మహోదధి రత్నాకరములు కలియుననియు, ఇచటి స్నానము సర్వపాపహరమనియు దానిలో ఉన్నది. పిల్లవాని ప్రశ్నకు సమాధానము లేదు. అంతలో వానుడ్రైవరు వెనుకనుండి తొందరపెట్టుచుండెను. తీర్థములన్నియు అయిపోయినవి గదా, ఇంక చూచుటకేమున్నదని.

సమాధానము చెప్పినది శంఖములు, గవ్వలు అమ్ముకొను ఒక ముదుసలి. తమిళమున ఆమె చెప్పినదాని తాత్పర్యమిది. ఉత్తరపు కడలి ఆడకడలి, దక్షిణపు కడలి మగకడలి. ఇప్పుడు ఆడది ఊరకుండును, మగవాడు అరచును. ఐప్పసి, కార్తిక మాసములలో వచ్చి చూడుము. అప్పుడు ఆడది లేచును, మగవాడు అణగును. మేము ఏ ప్రక్క నెమ్మదిగా నున్న ఆ ప్రక్కకు వల తీసికొని పోవుదుము, అయ్యా!

ఇంటికి వచ్చి విచారింపగా ఆమె మాటలో కల్పన ఏమియు లేదు. ఉత్తరమున నున్న పాక్ అఖాతము లోతు తక్కువ, మూడు ప్రక్కల నేల అడ్డము గలది. దక్షిణమున నున్న మన్నారు సింధుశాఖ మహాసముద్రమునకు నోరు తెఱచుకొని యున్నది. నైరుతి ఋతుపవనము వీచు నెలలలో దక్షిణపు నీరు రేగును. ఈశాన్య ఋతుపవనము వచ్చినపుడు ఉత్తరపు నీరు రేగును. గాలి ఎటునుండి వచ్చిన అటు ప్రక్క కోపము, ఇటు ప్రక్క శాంతము. ఈ మర్మము ఎఱిగిన మత్స్యకారులు ఒకే దీవిలో ఏడాదికి రెండు రేవులు మార్చి బ్రదుకుదురు. ఒక్క పుటలో వ్రాయదగిన ఈ సంగతి ఆఱు పుస్తకములలో ఎక్కడను లేకపోవుట పుటలు చాలక కాదు.

మధిర సుబ్బన్నదీక్షితులుగారి కాశీమజిలీ కథలు చదివినవారికి మణిసిద్ధుడు, గోపకుడు జ్ఞాపకముందురు. మణిసిద్ధుడు కాశికి పోవుటకు తోడు వెదకగా ఎవరును రారు. తుదకొక పసులకాపరి వచ్చును; దారిలో తనకు వింతగా తోచిన దానిని గూర్చి అడిగినపుడెల్ల చెప్పవలెనని వాడు పెట్టిన షరతు. అడిగెడివాడు ఉండుటచేతనే ఆ గ్రంథమునకు అన్ని మజిలీలు అమరినవి. మన నేటి యాత్రాపుస్తకములలో మణిసిద్ధులు కావలసినంతమంది, గోపకుడొక్కడును లేడు. అడుగువాడు లేని యాత్ర పట్టికగా మిగులును. మా మనుమడు గోపకుడే; కాని మాకు మణిసిద్ధుని విద్య లేకపోయెను.

ఇక పాతవారి మాట. సేతుబంధనమును తెలుగున చెప్పిన కృతులలో గోన బుద్ధారెడ్డి పేర ప్రసిద్ధమైన రంగనాథ రామాయణమునకు ఒక ప్రత్యేకత కలదు. వాల్మీకమున లేని ఉడుత కథ అందు కలదు. కొండలు మోసెడి వానరుల నడుమ ఒక ఉడుత నీట మునిగి, ఇసుకలో పొర్లి, ఆ ఇసుకను కట్ట మీద విదల్చుటకు పరుగెత్తును. ఈ కథను మనము నీతికొఱకే చెప్పుకొందుము. ఉడుతాభక్తి అను మాట చందాపట్టికలలో ఎంత అరిగిపోయినదో ఈ సంచిక తుదిపుటలే చెప్పగలవు. నీతిని కాసేపు ప్రక్కన పెట్టి చూడుడు. తడిసిన బొచ్చుకు ఇసుక అంటుకొనును, ఎండ తగిలి ఆఱిన పిదప విదల్చిన రాలును. ఈ సంగతి ఒడ్డున కూర్చుండి చూచిన కన్నునకే తెలియును. కొండలను మోయుట కవిసమయము. ఇసుక అంటుకొనుట అనుభవము. ఇంకొక విశేషము: ఇదే ఉడుతలు తెలుగు కృతికి ఎన్నో శతాబ్దములకు పూర్వమే తమిళమున తొండరడిప్పొడి ఆళ్వారు తిరుమాలైలో నీట మునిగి ఇసుకలో పొర్లినవి. ఎవరినుండి ఎవరు తీసికొనిరను తగవు మాకు వలదు. రెండు భాషలవారు ఒకే ఒడ్డున ఒకే చిన్న ప్రాణిని చూచిరి. రెండు భాషలయందును బ్రదుకుచున్న మనకు ఇంతకన్న కావలసిన ఆస్తి ఏమున్నది?

శ్రీనాథుని హరవిలాస మింకొక దారి చూపును. ఆ కావ్యమును అంకితము తీసికొన్న అవచి తిప్పయసెట్టి సముద్రవర్తకుడు. అవతారికలో కవి ఆ సెట్టి తెప్పించిన సరుకులను వాని దేశముల పేర్లతో చెప్పును. సింహళమునుండి ఏనుగులు, హురుమంజినుండి గుఱ్ఱములు, చీనానుండి పట్టు, యాంపనుండి ముత్యములు. ఆ యాంప యాళ్పాణమని పండితులు చెప్పుదురు. అనగా మన ధనుష్కోటికి ఎదుటి తీరమే. కడలిని దాటరాని దానిగా గాక, దాటి సరుకు తేవలసిన దారిగా చూచిన తెలుగు కన్ను 15వ శతాబ్దమునాటికే కలదన్నమాట. ఆ కన్ను తరువాత ఏమైనదని అడుగవలసి యున్నది.

స్థలపురాణములను కొందఱు ఆధునికులు తేలికగా తీసివేయుదురు. మేము వారితో ఏకీభవింపము. తంగచ్చిమడము దగ్గఱ విల్లూండితీర్థమని కలదు. చుట్టును ఉప్పునీరు, నడుమ బావిలో తీపినీరు. సీతమ్మకు దప్పిక కాగా రాముడు విల్లు ఊని పుట్టించిన ఊటయని కథ. ధనుష్కోటి ఇసుకలోను కడలికి కొన్ని అడుగుల దూరమున చేతులతో గుంట త్రవ్విన త్రాగునీరు ఊరును. అక్కడి గుడిసెలవారు త్రాగునది ఆ నీరే. ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటికన్న తేలికయగుటచే దానిపై తేలి నిలుచుట దీనికి కారణము. ఎక్కువ లోతు త్రవ్విన ఉప్పు తగులును. పురాణము చెప్పినవానికి ఈ శాస్త్రము తెలియకపోవచ్చును. కాని ఆ నీటిని నాలుకతో రుచిచూచి, ఇది వింత యని నిలిచిపోయినాడు. అక్కడనే రాముని విల్లు నాటినాడు. మన పుస్తకరచయితలు విల్లును మాత్రము తీసికొనిరి, నీటి రుచిని వదలివేసిరి.

పేరున కూడ ఇట్టి చిక్కే యున్నది. ధనుష్కోటి యనగా విల్లు యొక్క కొన. విభీషణుడు వేడగా రాముడు వింటికొనతో సేతువును తెంచిన చోటని ఐతిహ్యము. కోటి సంఖ్య కాదు. మేము చదివిన వానిలో ఒక పుస్తకము ఇచట స్నానమాడిన కోటి ధనుస్సుల బలము కలుగునని సెలవిచ్చినది! అక్కడికి పోయి ఆ నేల వంగిన తీరును ఒకమాఱు చూచినవాడు ఈ మాట వ్రాయడు.

యాత్రను ఎట్లు వ్రాయవలెనో మనకు తెలియకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి మరుసటి యేడు తిరిగివచ్చి, తన మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకై వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది. అందు దేవుని దర్శనముతో పాటు బావిలో నీరెట్టిది, బాట యెట్టిది, ఏ ఊర ఏ సరుకు దొరకును, ఎవరి ఆచారమేమి అన్నియు కలవు. ఆయన నిష్ఠాపరుడు, నిష్ఠ ఆయన కన్నులను మూయలేదు. ఆయన నడక ఉత్తరమునకు. సేతువునకు అట్టి రచయిత ఒకడు మనలో కలుగలేదు. చెన్నపట్టణమున ఉద్యోగము చేయువాడు అన్ని నెలల దారిని వ్రాయగా, ఉదయము బయలుదేరి మధ్యాహ్నమునకు చేరు దూరముననున్న మనము వ్రాయలేకపోవుట వింత.

ఇందుకు ఒక కారణము మా ఊహకు తోచుచున్నది. మనము నేలకు చెందినవారము. ఇడైసెవలు గ్రామమున 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ మన తెలుగువాడే, మన కోవిల్పట్టి సీమవాడే. ఆయన తమిళమున వ్రాసిన గోపల్ల గ్రామము ఆంధ్రదేశమునుండి దక్షిణమునకు తరలివచ్చిన మన పెద్దల కథ. పాఱిపోవుచున్నవారికి నది అడ్డము రాగా ఒక చెట్టు వంగి వంతెన యగును. వానరులు కట్టిన సేతువు పురాణమున, చెట్టు వంగిన సేతువు మన యింటి ముసలమ్మ నోట. ఆ నవలను మేము ఎన్నిమాఱులు చదివినను విసువు పుట్టదు. కాని అది రేగడిభూమి నవల. చెట్టు, పశువు, చెఱువు, దొంగ, కరవు అన్నియు ఉన్నవి, ఉప్పుగాలి లేదు. ఇది ఆయన లోపమని చెప్పుట లేదు. మన భాషయే అట్లు స్థిరపడినది. గాలికి మనము వాడు మంచి మాట పైరగాలి; ఆ మాట వినగనే మనకు పైరు తలపునకు వచ్చును. వల్లము నడుపువారి నోట ఉత్తరపు గాలి వాడై, తూర్పుగాలి కొండల్, పడమటిగాలి కచ్చాన్, దక్షిణపుగాలి చోళగము. నాలుగు దిక్కులకు నాలుగు పేర్లు. శ్రీకాకుళమునుండి నెల్లూరువఱకు తెలుగు జాలరులకును ఇట్టి పదసంపద గలదు. అది రేగడి మీదుగా నడచివచ్చిన మనవారి మూటలలో రాలేదు.

కి. రా. మఱొక పని చేసెను. కరిసల్ సీమ పలుకుబడులను ఏర్చికూర్చి 1982లో నిఘంటువుగా వెలువరించెను. ప్రభుత్వము పురమాయించలేదు, విశ్వవిద్యాలయము పంపలేదు, వినుచు వ్రాసికొనెను. ఆ పద్ధతిని సేతుతీరమునకు మన భాషలో ఎవరైన పట్టిన ఏమి దొరకునో ఒక్క ఉదాహరణము. పాంబను, చిన్నపాలెము స్త్రీలు కడలిలో మునిగి నాచు ఏరి తెత్తురు. చేతివ్రేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకొని, కన్నులకు అద్దములు కట్టుకొని, ఊపిరి బిగబట్టి మునుగుదురు. ఆ నాచునుండి తీయు పదార్థము మందులలోను, తినుబండారములలోను గట్టిదనమునకు వాడబడును. 1986లో మన్నారు సింధుశాఖయందలి 21 దీవులను సముద్ర జాతీయవనముగా ప్రకటించిన తరువాత వారి పనికి కట్టుబాట్లు ఎక్కువైనవి; పగడపుదిబ్బల రక్షణ ఒకవైపు, వారి కూడు ఒకవైపు. దీనిని వారు పాసి యందురు. తెలుగున నాచనవలెనా, పాచి యనవలెనా? వ్రాయుటకు కూర్చున్నపుడు మా యింట పెద్దల నడుమ తగవు పుట్టినది. పాచి యనిన మెట్లమీద జాఱుడు తలపునకు వచ్చుననియు, నాచనిన చెఱువు తలపునకు వచ్చుననియు. ఆ తగవు తీరలేదు. కాని అట్టి తగవు మా యింట తెలుగు మాటలను గూర్చి కలిగి చాల యేండ్లయినదని మాకు సంతోషము కలిగినది.

ధనుష్కోటి శిథిలముల యెదుట నిలిచినపుడు మాత్రము మాకు సంతోషము లేదు. గోడలు మిగిలిన చర్చి, రైలుస్టేషను ఆనవాలు, నీటితొట్టి. 1914నుండి చెన్నపట్టణపు బోట్‌మెయిలు అక్కడివఱకు వచ్చెడిది. ప్రయాణికులు అక్కడ ఓడ ఎక్కి తలైమన్నారు చేరి కొలంబోకు పోయెడివారు. కరవులో మన రామనాథపురము జిల్లానుండి తేయాకుతోటలకు పోయిన కూలీలు మండపము శిబిరమున నిలిపి పరీక్షింపబడి దాటినది ఈ నీటినే. 1964 డిసెంబరు 22 రాత్రి తుఫానులో పాంబను-ధనుష్కోటి పాసింజరు రైలు స్టేషను చేరకముందే కడలిలో కొట్టుకొనిపోయినది. దానిలోనివారు నూటికి పైగా మరణించిరి. ఊరు మఱల లేవలేదు. పాంబను వంతెనను ఇ. శ్రీధరన్ ఆధ్వర్యమున 46 దినములలో బాగుచేసిరి గాని, ధనుష్కోటికి రైలు మఱల రాలేదు. మన యిండ్లలో ఈ తుఫాను ప్రస్తావన వచ్చినపుడు మొదట వినబడు మాట ఏమి? ఆ రాత్రి సావిత్రి, జెమినీ గణేశన్ రామేశ్వరమున చిక్కుకొని ప్రాణములతో బయటపడిరని. సావిత్రి మనదగుటచే ఆ అభిమానము సహజము. కాని అరువదియేండ్ల తరువాత మనకు తెలుగున మిగిలినది ఆ ఒక్క వాక్యమేయైన, ఆ రైలులోనివారి మాట ఎవరు చెప్పవలెను? యాత్రాపుస్తకములు చెప్పవు. వానిలో ఒకటి ఆ శిథిలములను చూడదగిన స్థలముల పట్టికలో చేర్చి, ఛాయాచిత్రములకు అనువైనదని వ్రాసినది.

తెలుగున ఈ ఒడ్డు బ్రదికియున్న పుటలు మాకు దొరికినది ఒక అనువాదమున. అబ్దుల్ కలాం ఆత్మకథను వాడ్రేవు చినవీరభద్రుడు ఒక విజేత ఆత్మకథ యను పేర తెనిగించెను. దాని మొదటి పుటలలో రామేశ్వరమునుండి ధనుష్కోటికి యాత్రికులను చేర్చుటకు తండ్రి ఒడ్డున కట్టుచున్న కొయ్యపడవ కలదు. దానిని ఒక గాలివాన ఎత్తుకొనిపోవుట కలదు. యుద్ధకాలమున రామేశ్వరము స్టేషనులో రైలు ఆగకపోగా, కదలుచున్న రైలునుండి విసరిన వార్తాపత్రికల కట్టలను పట్టుకొను పిల్లవాడు కలడు. కోవెలయు కలదు, కోవెల అర్చకుడు తండ్రికి మిత్రుడుగా. మసీదు వీధినుండి చూచినను కోవెల చిన్నది కాలేదు. పైగా దాని చుట్టును ఊరు వచ్చి చేరినది. 22 బావులను లెక్కపెట్టిన వారికి ఈ పిల్లవాడు కనబడలేదు. యాత్రికుని తెచ్చి దింపిన పడవ ఎవరిదని మన పుస్తకములు ఎన్నడును అడుగలేదు గదా.

సింహళమున పాములాడించు అహికుంటికులు కొందఱు ఇప్పటికిని ఇండ్లలో తెలుగు మాటలాడుదురు. వారికి ఈ లిపి లేదు, సంచికలు లేవు. వారి పూర్వులు దాటిన కడలి మన యెదుట నున్నదే. వారి తెలుగు నోటిలో నిలిచినది. మన తెలుగు నోటను, చేతను కూడ నిలువవలెనని ఈ సంచిక అచ్చువేయుచున్నాము. దీనిని చదువగలవారు మన యిండ్లలో ఎందఱో లెక్కపెట్టుకొనుటకు ధైర్యము చాలుట లేదు.

మా అక్కగారు అరిచల్మునై ఒడ్డున ఇత్తడిచెంబునిండ ఇసుక తీసికొనెను. వచ్చు మాఘమున ప్రయాగకు పోయి ఆ ఇసుకను త్రివేణిలో కలుపవలెను, అక్కడినుండి గంగ తెచ్చి రామేశ్వరుని అభిషేకింపవలెను; పెద్దలనాటి నియమము. ఆమె ముసలిదానిని పిలిచి ఏ ప్రక్క ఇసుక తీసికొనవలెనని అడిగెను. ఆడకడలి ప్రక్కనో, మగకడలి ప్రక్కనో? ముసలిది నవ్వి, ఇసుకకు ఆడ, మగ లేదు, గాలి మాఱిన అటుది ఇటు వచ్చును అనెను. ఆఱు పుస్తకములలో లేని మాట మఱొకటి.

మనుమడు తిరుగుదారిలో వెనుకసీటున కూర్చుండి ఒక కాగితము మీద ఏమో వ్రాసికొనుచుండెను. ఇంటికి వచ్చిన పిదప చూపుమంటిమి. వాడై, కొండల్, కచ్చాన్, చోళగము, వల్లము, పాసి వరుసగా ఉన్నవి. వాని క్రింద, తాతను అడుగవలెనని, వీనికి తెలుగేమి అని ప్రశ్న. ప్రశ్న తెలుగే, అక్షరములు తమిళములు. మేము కూర్చుండి ఒక్కొక్క మాటకు ఎదుట తెలుగు అక్షరములతో వ్రాసి యిచ్చితిమి. నాలుగు గాలులకు తెలుగు పేర్లు వ్రాయవలసిన చోటు ఇంకను ఖాళీగానే యున్నది.